శాలువా వంతు

ఆమోసు జపాను నుంచి వచ్చాక చెప్పినవన్నీ నిజాలే. ఆయనకొచ్చిన చిక్కంతా అదే.

అంతకుముందు చెప్పినవాటితో ఏ చిక్కూ లేదు. గాలివానకు తన సైకిలు తాటిచెట్టెక్కి కూర్చుందనీ, ఎంత బతిమాలినా దిగకపోతే కింద నిలబడి పచ్చగడ్డి చూపించి దింపాననీ చెబితే అమెరికాలోని షాంటిలీ తెలుగు క్రైస్తవ సంఘంలో పిల్లలు పొట్టలు పట్టుకునేవారు. పెద్దలు కూడా ఇంకొకటి వదలమని అడిగి మరీ వినేవారు. రేపల్లె కాలువ లాకుల మీద లస్కరుగా పనిచేసిన మనిషి. నీళ్ళకు ఎంత ధారాళంగా తలుపులెత్తాడో, కోతలకూ అంత ధారాళంగా ఎత్తాడు. అటువంటివాడు, కూతురు జెమీమా ఆఫీసు పని మీద ఒసాకా వెళుతూ తోడు తీసుకుపోతే, రెండు వారాలుండి తిరిగొచ్చి, జన్మలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కడు నమ్మితే ఒట్టు.

సంఘానికి సొంత మందిరం లేదు. ఒక ఎలిమెంటరీ స్కూలు వాళ్ళ భోజనాల హాలు ఆదివారాలు అద్దెకు తీసుకుంటారు. ఆ ఆదివారం కూడా ఆరాధన ముగిసింది, బిర్యానీ ట్రేల అడుగులు కనిపించాయి. మగవాళ్ళు పిల్లల కోసం చేసిన పొట్టి బెంచీల మీద మోకాళ్ళు గడ్డాలకు ఆనించుకుని కూర్చుని, ఎవరి కంపెనీలో ఎంతమందిని తీసేశారో, ఎవరి గ్రీన్‌కార్డు ఎక్కడ ఆగిందో చెప్పుకుంటున్నారు. ఆ కబుర్లతో నోళ్ళు చేదెక్కినప్పుడల్లా ఆమోసు వైపు తిరుగుతున్నారు.

"అయితే మామయ్య గారూ, టాయిలెట్ మూత దానంతటదే లేచిందంటారు," అన్నాడు అల్లుడు వినయ్ కుమార్, పక్కవాళ్ళకు కన్నుగీటుతూ. సంఘానికి సెక్రటరీ అతనే.

"లేచిందయ్యా. పెద్దవాణ్ణి చూసి మర్యాదకు లేచిందనుకుని, పర్లేదు కూర్చో నాయనా అన్నాను."

బెంచీలు ఊగేలా నవ్వారు.

"రైలు సంగతి చెప్పండి, రైలు!"

"వేళకంటే రవ్వంత ముందు కదిలిందని మైకులో క్షమాపణ చెప్పారు. మన రేపల్లె ప్యాసింజరు ఇన్నేళ్ళుగా చెప్పకుండా దాచుకున్న క్షమాపణలన్నీ వీళ్ళే చెప్పేస్తున్నారేమో అనుకున్నా." ఆమోసు నవ్వులు తగ్గేదాకా ఆగాడు. "ఇప్పుడు చెప్పేది నవ్వే సంగతి కాదు. అమ్మాయితో పనిచేసే ఒకావిడ, వాళ్ళ పిల్ల చదివే బడికి నన్ను తీసుకెళ్ళింది. భోజనాలయ్యాయో లేదో, పిల్లలంతా తలలకు గుడ్డలు చుట్టుకున్నారు. తడిగుడ్డ నేల మీద పరిచి, దానిమీద రెండు చేతులూ ఆనించి, వెనకభాగాలు పైకెత్తి, వరండా ఈ కొస నుంచి ఆ కొసకు పరుగో పరుగు. ఎడ్ల పందేలు చూసినట్టుంది. మరుగుదొడ్లు కూడా వాళ్ళే. హెడ్మాస్టరు ప్యాంటు మడిచి బ్రష్ పట్టుకుని వాళ్ళ మధ్యనే ఉన్నాడు. టీచరమ్మను ఫోన్లో అడిగాను, మనం తెలుగులో అంటే అది జపాను మాటలో పలుకుతుందిగా. 'ఈ పని ఎవరిదమ్మా' అన్నా. ఆవిడకు నా ప్రశ్నే బోధపడలేదు. మళ్ళీ అడిగితే గోడ మీద అట్టచక్రం చూపించింది. నడిమధ్యన పనులు, చుట్టూ పేర్లు. వారం వారం తిప్పుతారు. ఎవరి పేరుకెదురుగా ఏ పనొస్తే అది వాళ్ళది. ఆ చక్రంలో టీచరమ్మ పేరు కూడా ఉంది."

"హెడ్మాస్టరు టాయిలెట్ కడిగాడా!" వినయ్ కుమార్ తొడ మీద చరుచుకున్నాడు. "మామయ్య గారూ, సైకిలు తాటిచెట్టెక్కిందంటే నమ్ముతాం గానీ..."

ఆమోసు వాళ్ళ నవ్వులు వాళ్ళకు వదిలేసి వాష్‌రూమ్ వైపు నడిచాడు.

లోపల నేలంతా నురగ. జోసఫిన్ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మోచేతుల దాకా పసుపుపచ్చ రబ్బరు తొడుగులు వేసుకుని, గోడవారన మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్‌తో రుద్దుతోంది. ఎవరో పసిపిల్లాడి డైపర్ చెత్తబుట్ట పక్కన పడేసి పోయారు. ఎడమచేత్తో దాన్ని తీసి సంచిలో వేసి, ఆ చేతిని మళ్ళీ కడుక్కుని రుద్దడం సాగించింది. వారమంతా ఇండియన్ గ్రోసరీ స్టోర్ వంటింట్లో పునుగులూ పఫ్ఫులూ వేసే మనిషి. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే.

"అన్నం తిన్నావా అమ్మాయ్?"

"ఇదయ్యాక తింటా బాబాయి గారూ. ఆ పక్కన కాలెయ్యకండి, జారుద్ది."

"పోయిన వారం కూడా నువ్వే చేశావుగా?"

జోసఫిన్ చేతిలోని బ్రష్ పక్కన పెట్టింది. బకెట్టు ఒంచి నీళ్ళు కొట్టింది. నురగ జారుకుంటూ ఆయన చెప్పుల దాకా వచ్చి ఆగింది.

బయటికొచ్చేసరికి తలుపు పక్కన విమలకుమారి ట్రేలకు రేకు మూతలు బిగిస్తూ ఎవరికో చెబుతోంది. స్త్రీల కూటానికి ఆవిడే పెద్ద. "మనం వెళ్దాం పదండి. జోసఫిన్ చూసుకుంటుంది. వాళ్ళకి అలవాటే కదా."

లోపలున్నది ఒక్క మనిషి. ఆవిడ అన్నది మాత్రం ఒక పేటనంతటినీ కలిపి. ఇన్ని సముద్రాలు దాటి వచ్చినా ఆ పేటను కూడా సూట్‌కేసులో సర్దుకునే వచ్చారు కాబోలు. ఆమోసు అక్కడే నిలబడిపోయాడు. ఎవరో పిలిచి సైకిలు కథ చెప్పమన్నారు. ఆయనకు ఒక్క ముక్క గుర్తు రాలేదు.

* * *

బుధవారం సాయంత్రం వినయ్ కుమార్ ఇంటి బేస్‌మెంట్‌లో పాస్టరుగారితో సహా కమిటీ కూర్చుంది. హాలు శుభ్రంగా లేదని స్కూలు వాళ్ళు ఈమెయిలు పంపారు. ఇంకోసారి ఇలా జరిగితే అద్దెకివ్వమని అందులో ఉంది.

ఆమోసు టీ పళ్ళెం పట్టుకుని మెట్లు దిగేసరికి విమలకుమారి మాట్లాడుతోంది. "చిన్న విషయం అయ్యగారూ. జోసఫిన్ చేస్తూనే ఉంది కదా. క్లీనింగ్ మినిస్ట్రీ అని ఒకటి పెట్టి ఆ అమ్మాయిని లీడర్‌ని చేద్దాం. ఆదివారం స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పితే ఆ అమ్మాయికి ఎంత సంతోషం!"

"సూపర్ ఐడియా ఆంటీ," అన్నాడు వినయ్ కుమార్. "అఫీషియల్‌గా చేస్తే అకౌంటబిలిటీ కూడా ఉంటుంది."

పాస్టరుగారు తల పంకించారు. ఆమోసు ఆయన ముందు టీకప్పు పెట్టి, పళ్ళెం చంకలో ఇరికించుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఆ అమ్మాయిని అడిగారా?"

"సర్‌ప్రైజ్ మామయ్య గారూ."

"శాలువా సంగతి సర్‌ప్రైజు. మరి పని సంగతో?"

"సేవ కూడా ఒక వరమే కదా పెద్దాయనా," అన్నారు పాస్టరుగారు మెత్తగా. "ఎవరికిచ్చిన వరం వాళ్ళది."

"ఆ వరం ఆ పిల్ల అడిగి పుచ్చుకుందా అయ్యగారూ, మనమంతా కలిసి అంటగట్టామా? ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన పూట ఆయనకు శాలువా ఎవరు కప్పారండీ?"

పాస్టరుగారు బిస్కట్టు టీలో ముంచారు. అది సగానికి విరిగి కప్పులో పడిపోతే, చెంచాతో దానికోసం వెతకడంలో పడ్డారు.

"నా మాట వినండి," అన్నాడు ఆమోసు. "ఆ కేకు డబ్బా అట్ట ఇలా ఇవ్వండి, చక్రం నేనే కోసిస్తా. అయ్యగారి పేరు, సెక్రటరీ పేరు, విమలమ్మగారి పేరు, నా పేరు, అందరివీ రాద్దాం. వారం వారం తిప్పుదాం."

"మళ్ళీ జపాను రైలెక్కారండీ!" అంది విమలకుమారి. అంతా హాయిగా నవ్వుకున్నారు. ఈ మనిషి నోట ఏ మాట వచ్చినా దానికి గడ్డి చూపించి దింపడం వాళ్ళకు అలవాటైపోయింది.

అందరూ వెళ్ళాక వినయ్ కుమార్ కప్పులు సర్దుతూ గొంతు తగ్గించాడు. "మామయ్య గారూ, మీరంటే అందరికీ రెస్పెక్ట్. ఇలా మధ్యలో మాట్లాడితే నాకు ఇబ్బంది."

"నీకు ఇబ్బందే, ఒప్పుకుంటాను అల్లుడుగారూ. నీ భుజాల మీద శాలువా కప్పి బకెట్టు చేతికిస్తే ఎట్లా ఉంటుంది?"

"నా సంగతి వేరు. ఆమె వేరు."

"ఎట్లా వేరు?"

వినయ్ కుమార్ కప్పులో కప్పు పెట్టాడు. దానిలో మరొకటి పెట్టాడు.

* * *

చెప్పి ఒప్పించలేనిది చేసి ఒప్పిస్తానని ఆమోసు నిశ్చయించుకున్నాడు. శనివారం ఉదయం యూత్ పిల్లలు పాటల ప్రాక్టీసుకు హాలు తీసుకున్నారని తెలిసి, జెమీమా కారెక్కి అక్కడ దిగాడు. లుంగీ పైకి ఎగగట్టాడు. తలకు తువ్వాలు చుట్టాడు. తడిగుడ్డ పరిచి, రెండు చేతులూ ఆనించి, జపాను పిల్లల పద్ధతిలో వరండాలో ఒక్క పరుగు తీద్దామనుకున్నాడు గానీ నడుము ఆదిలోనే ఆక్షేపణ చెప్పింది. దాని మాట విని, పొడుగు కర్ర బ్రష్‌తోనే వాష్‌రూమ్ నేల రుద్దాడు. బేసిన్లు తోమాడు. అద్దాలు తుడిచి, వాటిలో తన ముఖం చూసుకుని మీసం సవరించుకున్నాడు. ఈ తాత భలేవాడనిపించింది ఆయనకు.

పాటల పిల్లలు తలుపులో గుమికూడి, ఫోన్లెత్తి వీడియో తీశారు. ఆమోసు వాళ్ళకేసి చూసి బ్రష్ ఊపాడు. మధ్యాహ్నానికల్లా సంఘం వాట్సాప్ గ్రూపులో అందరూ చూశారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. పాపం పెద్దాయన అని ఒకరు. ఈ వయసులో ఇదేమిటని మరొకరు. జోసఫిన్ సిస్టర్ ఎక్కడ, ఊళ్ళో లేరా అని ఇంకొకరు.

ఆ సాయంత్రం కూతురితో కలిసి కొత్తిమీరకని గ్రోసరీకి వెళితే, లోపలి వంటింటి తలుపు తీసి జోసఫిన్ వేలితో పిలిచింది. జెమీమా కూరగాయల దగ్గరే ఆగిపోయింది. ఆమోసు మెచ్చుకోలు అందుకునే ముఖంతో లోపలికెళ్ళాడు.

"మీకెవరు చెప్పారండీ ఆ పని చెయ్యమని?"

ఆయన ముఖం కాస్త దిగింది. "ఎవరూ చెప్పలేదమ్మాయ్. నీకు సాయంగా ఉంటుందని..."

"సాయమా! నా పని ఎగ్గొట్టి ముసలాయన చేత చేయించానంట. మధ్యాహ్నం నించి నాకు ఎన్ని ఫోన్లొచ్చాయో తెలుసా?" మూకుట్లో పునుగులు పొంగుతుంటే జల్లిగరిటెతో తిప్పుతూ, ఆ తిప్పే ఊపులోనే మాట్లాడుతోంది. "విమలాంటీ అయితే, ఒంట్లో బాలేకపోతే ముందే చెప్పొచ్చుగా అమ్మా అన్నారు."

"అది నీ పని అని ఎవరన్నారు?"

"మీరే అన్నారు బాబాయి గారూ. మీరు బ్రష్ పట్టుకోగానే ఊరంతా నేనేదని వెతికింది. మీరు పట్టుకుంటే మంచోళ్ళయ్యారు. నేను పట్టుకుంటే మామూలు. మీ పుణ్యాన నా పేరు ఇంకాస్త గట్టిపడింది."

అబద్ధానికి ఏనాడూ తడుముకోని మనిషి ఈ నిజానికి తడుముకున్నాడు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఇంకేమీ తోచక, రేపటి శాలువా సంగతి కక్కేశాడు.

జల్లిగరిటె ఆగింది. పునుగులు ఎర్రబడ్డాయి, తరువాత నల్లబడ్డాయి. ఆమె చూడలేదు.

"లీడరా?" అంది చివరికి. "మా రియాని యూత్‌లో పిల్లలు ఏమంటున్నారో తెలుసా? క్లీనింగ్ ఆంటీ కూతురంటున్నారు. ఆ పిల్ల నాకు చెప్పలేదు. చర్చికి రానని మొండికేస్తే అడిగి అడిగి తెలుసుకున్నా. రేపు స్టేజీ మీద శాలువా కప్పేస్తే ఇంక అది నా ఇంటిపేరే. కాదన్నానంటే సేవ చెయ్యడానికి గర్వం అడ్డొచ్చిందంటారు."

ఆమోసు స్టవ్ కట్టేశాడు. మాడినవాటిని ఆమె తీసి చెత్తలో వేసి, చేయి పైటకు తుడుచుకుంది.

"ఆ చక్రంలో టీచరమ్మ పేరు కూడా ఉందన్నారే, అది నిజమా, కోతా?"

"నిజం. నా కళ్ళతో చూశాను."

"మీ నిజాలకీ కోతలకీ ఒకటే మొహం బాబాయి గారూ, పోల్చుకోలేక చస్తున్నాం." ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది. "రేపు నాకొక సాయం చేస్తారా?"

"చెప్పు తల్లీ. ఏం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యకండి. నా పక్కన కూర్చోండి. అంతే."

* * *

ఆదివారం ప్రసంగం అయ్యాక వినయ్ కుమార్ మైకు తీసుకున్నాడు. ఇంగ్లీషూ తెలుగూ కలిపి, జోసఫిన్ సిస్టర్ సేవ గురించి చాలా బాగా మాట్లాడాడు. ఏ మాటా తప్పు పట్టడానికి లేదు. వాష్‌రూమ్ అన్న మాట మాత్రం ఎక్కడా రానివ్వలేదు. ఆమె ముందుకు నడిచి వస్తుంటే రియా తల వంచుకుని ఫోన్లోకి చూసుకుంది. పాస్టరుగారు కుంకుమరంగు శాలువా విప్పి జోసఫిన్ భుజాల మీద కప్పారు. అంతా చప్పట్లు కొట్టారు. విమలకుమారి ఫోటో తీసింది.

"రెండు మాటలు చెప్పండి సిస్టర్," అని వినయ్ కుమార్ మైకు అందించాడు.

"అందరికీ వందనాలు," అంది జోసఫిన్. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఇది నా ఒక్కదాని పనే అనుకున్నా. ఇది శాలువా కప్పేంత గొప్ప పని అని నాకు తెలీదు. తెలిస్తే ఇంతకాలం నేనొక్కదాన్నే ఉంచుకునేదాన్ని కాదు. ఇంత ఘనత ఒక్కరి దగ్గరే ఉండకూడదు కదా అయ్యగారూ? అందుకని వారానికొకరు తీసుకుందాం. ఈ వారం సెక్రటరీగారు."

శాలువా తీసింది. మడత చెడకుండా విప్పి, పక్కనే నిలబడ్డ వినయ్ కుమార్ భుజాల మీద నిండుగా కప్పింది. జారిపోకుండా ఛాతీ దగ్గర సర్దింది కూడా.

భుజం మీద శాలువా పడితే చప్పట్లు కొట్టడం మనవాళ్ళకు ఊపిరి తీసినంత సహజం. ఎవరిదని గానీ, ఎందుకని గానీ చూడరు. మొదట కొట్టింది జెమీమా. ఆమె మొగుడికేసి చూడలేదు, తండ్రికేసి చూసింది. ఆ చప్పట్ల వెనకే పిల్లలు ఈలలు వేశారు. హాలంతా దద్దరిల్లింది. అసలు సంగతి కొందరికి చప్పట్లు సగంలో ఉండగా అర్థమై చేతులు నెమ్మదించాయి గానీ, అప్పటికే అందరూ ఒప్పేసుకున్నట్టయింది. వినయ్ కుమార్ నవ్వు ముఖం మీదే అతుక్కుపోయింది. తీసేద్దామంటే ఫోటోలు తీస్తున్నారు.

"వచ్చే వారం విమలాంటీ," అంది జోసఫిన్ మైకు తిరిగిస్తూ. "ఆ తరువాత అయ్యగారు."

భోజనాలయ్యాయి. జోసఫిన్ ప్లేటు నిండా వేడి వేడి బిర్యానీ పెట్టుకుని, గుంపు మధ్యన బెంచీ మీద కూర్చుని తిన్నది. ఎముక వదలకుండా తిన్నది. టీ తెచ్చుకుంది. పక్కన ఆమోసు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లాకుల మీద వరదొచ్చిన రోజున కూడా అంత కష్టం పడలేదు ఆయన. పిల్లలు సాంబారు ఒలకబోశారు. పేపరు ప్లేట్లు బల్లల మీంచి జారుతున్నాయి. వాష్‌రూమ్ వైపు నుంచి వచ్చినవాళ్ళు ముక్కులు పట్టుకుంటున్నారు. ఆయన కాళ్ళు వాటంతటవే లేవబోయాయి.

"కూర్చోండి," అంది జోసఫిన్, టీ ఊదుకుంటూ.

"చేతులు ఊరుకోవడం లేదమ్మాయ్."

"ఊరుకోనీయండి. నాకేమన్నా తేలిగ్గా ఉందనుకున్నారా?"

విమలకుమారి రెండుసార్లు అటు పోయి ఇటు వచ్చింది. చివరికి దగ్గరకొచ్చి నిలబడింది. "జోసఫిన్, టైమ్ అవుతోందమ్మా. తాళం వేసేవాళ్ళు వచ్చేస్తారు."

"అవునాంటీ, ఆలస్యమైపోయింది. మేం బయల్దేరతాం." జోసఫిన్ లేచి కోటు తొడుక్కుంది. "రియా, పదమ్మా."

రియా ఫోన్లోంచి తలెత్తింది. "మమ్మీ, ఇప్పుడే వెళ్తున్నామా? రియల్లీ?"

"బాబాయి గారూ, మీరూ రండి. మిమ్మల్ని నేను దింపుతా. మీ అల్లుడుగారికి ఇవాళ లేటవుద్ది."

విమలకుమారి సెక్రటరీ కోసం చూసింది. హాలు అవతలి కొసన వినయ్ కుమార్ శాలువా నాలుగు మడతలు పెట్టి, అది ఎక్కడ పెట్టాలో తెలియక, చొక్కా చేతులు పైకి లాక్కుంటున్నాడు. జెమీమా అతని చేతిలోంచి శాలువా అందుకుంది. బకెట్టు మాత్రం అందుకోలేదు.

బయట ఎండ ఇంకా పచ్చగా ఉంది. మెట్ల మీద జోసఫిన్ ఆగిపోయింది. పార్కింగ్ లాటు ఈ చివర్నుంచి ఆ చివరికి కార్లతో నిండి ఉంది.

"ఇన్ని కార్లొస్తాయా మన చర్చికి?" అంది. "పని ముగించి నేను బయటికొచ్చేసరికి ఎప్పుడూ నాదొక్కటే ఉండేది."

ఆమె పాత కారు గోడవారన ఉంది. దాని వెనక అడ్డంగా పెద్ద తెల్లబండి ఆగి ఉంది. జోసఫిన్ ఎలాగూ అందరికంటే ఆఖరున వెళుతుందని, విమలకుమారి ప్రతి ఆదివారం అక్కడే పెడుతుంది. రియా ఆ బండినీ తల్లి ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. ఆమోసు, "ఉండు, నేను లోపలికెళ్ళి చెప్పొస్తా," అన్నాడు.

"మీరు కారెక్కండి బాబాయి గారూ."

ముగ్గురూ ఎక్కారు. జోసఫిన్ తాళం తిప్పింది. సీటు బెల్టు పెట్టుకుంది. హాలు లోపల ఎక్కడో బకెట్టు దొర్లిన చప్పుడు, కుళాయి విప్పిన చప్పుడు వినపడ్డాయి. జోసఫిన్ వెనక్కి తిరిగి చూడలేదు. అరచెయ్యి మొత్తం స్టీరింగు నడుమన పెట్టి హారన్ నొక్కింది. హారన్ కొడితే పోట్లాటకొచ్చారనుకునే దేశం అది. ఆ చప్పుడుకు గోడ మీది పక్షులు లేచిపోయాయి. కిటికీల దగ్గరికి తలలొచ్చాయి.

విమలకుమారి తాళాలు వెతుక్కుంటూ మెట్లు దిగి పరుగెత్తుకొచ్చి, బండిలో కూర్చుని, దాన్ని పూర్తిగా వెనక్కి తీసేదాకా జోసఫిన్ చెయ్యి తియ్యలేదు.